చాటలో తవుడు

నా తమ్ముడి మీద ఒట్టు... ఇది జరిగింది. వాడి మీద అబద్ధపు ఒట్టు వేసేంత గుండె నాకు లేదు.

వాడి పేరు తవుటయ్య. నా తర్వాత, వీడికి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకే అమ్మ వీడిని పుట్టగానే అడవిలో అమ్మోరి నల్లరాయి ముందు పడుకోబెట్టి, "నీ బిడ్డే తల్లీ" అని ఇచ్చేసింది. పెళ్లికి ముందు చాటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కోవాలి. అమ్మ పోయింది కాబట్టి ఆ పని నా మీద పడింది.

వాడికి పెళ్లి కుదిరింది. ఆ రోజు సారపాక మిల్లులో డ్యూటీ దిగి వచ్చాడు. చీకటి పడ్డాక బండి మీద బయలుదేరాం. నేను ఇల్లందులో హిస్టరీ చెబుతాను కదా, నోరు ఊరుకోదు. ఫ్రిజియా దేశపు సిబెలీ తల్లి కథ ఎత్తుకున్నాను. ఆమెకూ గుర్తు నల్లరాయే. అత్తిస్ అనే కుర్రాడిని తనవాడనుకుంది. వాడు వేరే పిల్లతో పెళ్లికి సిద్ధమైతే పిచ్చెక్కించింది. వాడు తనను తానే కోసుకుని చచ్చాడు. తర్వాత ఏడ్చింది. దేవతల రాజును బతిమాలితే దక్కింది ఇంతే... ఒళ్లు కుళ్లదు, జుట్టు పెరుగుతుంది, చిటికెన వేలు కదులుతుంది.

"గదేం తల్లి అక్కా! మనమ్మోరు గట్ల కాదులే," అని నవ్వాడు.

అడవికి చేరాక నల్లరాయి మీద తవుడు పోశాను. "నా తమ్ముణ్ని నాకియ్యి తల్లీ." చాట దులిపాను. వెనక్కి చూడకూడదు. చూడలేదు.

బండి కదిలింది. ఒళ్లో ఖాళీ చాట. ఎక్కడో డప్పు... ఒక్క దెబ్బ. ఆగింది. మళ్లీ ఒక్క దెబ్బ...

"డప్పు ఇంటున్నవారా?"

"ఏందక్కా? ఇంజన్ సప్పుడే గద."

ఒళ్లో బరువు. చెయ్యి పెట్టాను. మెత్తగా... వెచ్చగా... ఫోను టార్చి వేశాను.

చాట నిండా తవుడు.

"ఆపురా!" అని అరిచాను. వాడు వెనక్కి తిరిగి చూశాడు. బండి పల్టీ కొట్టింది.

నాకు గీత కూడా పడలేదు. వాడికి ఊపిరి లేదు. "ఎట్లనన్న ఉండనీ, సావకుంటే సాలు తల్లీ!" అని చీకట్లోకి మొత్తుకున్నాను. డప్పు ఆగింది... వాడు ఊపిరి తీశాడు.

దవాఖానాలో తలకు దెబ్బ అన్నారు. పెళ్లికూతురికి వేరే సంబంధం కుదిరింది. వీడు ఇప్పటికీ మంచం మీదే. కళ్లు తెరవడు. జుట్టు నేనే కత్తిరిస్తాను, ముదనష్టపు జుట్టు, జల్దీ పెరుగుతుంది. చిటికెన వేలు మాత్రం... కదులుతుంది.

చాట సరిగా దులపలేదేమో. నా అరుపుకే బండి పడిందేమో. ఏమో, నాకు తెలియదు.

మొన్న మళ్లీ చాటెడు తవుడు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. వాడిని కొనుక్కోవడానికా... ఇచ్చేయడానికా... అడుగు పడలేదు.