ముక్కు గోక్కునేంత సేపు

స్టూడియోలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను కత్తెర. పెళ్ళిళ్ళు, బడి వార్షికోత్సవాలు, కొట్టు ప్రారంభోత్సవాలు, ఏ వీడియో అయినా ఎడిటింగ్‌కి అతని ముందుకే రావాలి. మైకు దొరికితే వదలని పెద్దమనిషి ప్రసంగాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేసేవాడు. ఆ పెద్దమనిషే వచ్చి చూసుకుని, ఎంత బాగా మాట్లాడానో అని మురిసిపోయేవాడు. మనుషులు నీళ్ళు నమలడం, గుటకలు మింగడం, తర్వాతి మాట కోసం తడుముకోవడం కత్తెరకి గిట్టవు. "ఆలస్యం అమృతం విషం" అంటూ మీట నొక్కేవాడు. అతను కోసిన చోట అతుకు ఆ బ్రహ్మకైనా కనబడదని పేరు. ఆ పేరంటే లోపల్లోపల గర్వం కూడానూ.

ఇంటికొస్తే మాత్రం కత్తెరకి పదునుండేది కాదు. కూతురు బుల్లికి ఐదేళ్ళు. ఆటిజం అని డాక్టరు చెప్పాక మొగుడూ పెళ్ళాలకి కొన్నాళ్ళు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్లకి మాటలు వచ్చు, అంకెలు వచ్చు, వీధిలో తిరిగే బస్సుల నంబర్లన్నీ కంఠతా వచ్చు. పక్కన ఇంకో పిల్ల కూర్చుంటే మాత్రం కుర్చీ ఎంతో ఆ పిల్లా అంతే. బళ్ళన్నీ గుమ్మంలోంచే దణ్ణం పెట్టి పంపించేశాయి. మిగిలింది వీధి చివర చిన్న బడి ఒక్కటే. అక్కడి పెద్ద మేడమ్ దాపరికం లేకుండా చెప్పింది.

"అమ్మాయి తెలివైనదే, కాదనను. కానీ ఒక్క పిల్ల వెనకే ఒక మనిషిని పెట్టలేను కదా. ఎవరో ఒకరితో కలిసి ఆడగలిగితే చేర్చుకుంటాను. సెలవుల్లో నేర్పించి తీసుకురండి."

దారి చూపించింది, బుల్లికి మాటలూ ఆటలూ నేర్పే థెరపీ టీచరు. "ఎదుటి పిల్లల్ని చూసి పట్టుకోలేకపోతోంది గానీ, ఫోన్లో చూసింది చక్కగా పట్టేస్తోంది. చిన్న వీడియో తీయండి సార్. ఒక పాప ఇంకొకరి దగ్గరికెళ్ళి ఆడనా అని అడగాలి, వాళ్ళు బంతి ఇవ్వాలి, ఇద్దరూ ఆడుకోవాలి. రోజూ చూపించండి. హంగులేం వద్దు, మామూలుగా ఉంటే చాలు."

హంగులు వద్దంటే కత్తెరకి చిన్నతనమనిపించింది. ఇన్నేళ్ళ పనితనం కన్నకూతురికి కాక ఇంకెవరికి? బావమరిది కూతుర్ని పిలిపించాడు. ఎదురింటి పిల్లాణ్ణి బతిమాలి తెచ్చాడు. హాల్లో సోఫా జరిపి, కిటికీకి తెల్లదుప్పటి కట్టి, వెలుతురు సరిచూసుకున్నాడు. బావమరిది కూతురు గుమ్మంలోంచి నడిచొచ్చి "నేను కూడా ఆడనా?" అంది. ఎదురింటివాడు బంతి ఇవ్వాలి. వెంటనే ఇస్తేగా. బంతిని చూశాడు, ఆ పిల్లని చూశాడు, ముక్కు గోక్కున్నాడు, వాళ్ళమ్మ వంక చూశాడు. అప్పుడు తీరిగ్గా చెయ్యి చాపాడు.

"వీడెక్కడి నత్తరా నాయనా," అని నవ్వుకుంటూ ఆ కాసేపూ కోసిపారేశాడు. ఇప్పుడు అడగ్గానే బంతి చేతిలోకొచ్చింది.

భార్య వెనకనుంచి చూసింది. "మరీ అంత గబుక్కున ఇచ్చేశాడేంటండీ? నిదానమే ప్రధానం అంటారు."

"అది నీ వంటకి చెప్పుకో," అన్నాడు.

థెరపీ టీచరు కూడా చూసి బాగుందంది. అతుకు కనబడితే కదా, ఆవిడైనా ఏదో ఒకటి అనడానికి.

బుల్లి ఆ వీడియోని వదల్లేదు. కొద్దిరోజులకే ఫోను పక్కనపెట్టి లేచి, గుమ్మం దగ్గర నిలబడి, నడిచొచ్చి తండ్రిని అడిగింది. "నేను కూడా ఆడనా?" అతను ఠక్కున బంతి ఇచ్చాడు. తల్లి అలాగే ఇచ్చింది, బావమరిది కూతురూ అలాగే ఇచ్చింది. అందరూ వీడియో చూసినవాళ్ళే, ఏం చేయాలో అందరికీ తెలుసు. బంతి దొర్లుతుంటే పిల్ల కిలకిలా నవ్వింది. భార్య వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

సెలవులయ్యాక తీసుకెళ్తే, బళ్ళో తల్లిదండ్రులు లోపలికి రాకూడదన్నారు. పెద్ద మేడమ్ పక్కన నిలబడి, తలుపుకి నిలువునా ఉన్న అద్దంలోంచి చూడాలి. లోపల చాప మీద రెండు పిలకల పాప బంతి పట్టుకుని కూర్చుంది. బుల్లి నడిచింది, ఆగింది, అడిగింది. అక్షరం పొల్లు పోలేదు. పాప తలెత్తి, ఈ కొత్త పిల్లెవరా అని చూసింది. ఎంత సేపని, ముక్కు గోక్కునేంత సేపు. బంతి రాలేదు. బుల్లి గిరుక్కున తిరిగి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ మొదట్నుంచి నడిచి, మళ్ళీ అడిగింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. చివరికి పాపకి భయమేసి బంతి తీసుకుని లేచిపోయింది.

"అదేంటి, అలా తిరుగుతోంది?" అంది పెద్ద మేడమ్.

భార్యకీ అంతుపట్టలేదు. కత్తెరకి ఒక్కడికే తెలిసింది. పిల్ల వీడియో ఆగిపోయిందనుకుంటోంది. మొదటికి తెచ్చి మళ్ళీ ఆడిస్తోంది.

"ఒక్క నెల గడువివ్వండి మేడమ్. తప్పు నాది, దిద్దుకుంటాను," అన్నాడు. ఆవిడ జాలిపడి సరేనంది.

అతను కోసినదంతా వెతికి, ఎదురింటివాడి ముక్కు గోకుడుతో సహా తిరిగి అతికించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా ఆశ. వాడు ముక్కు మీద వేలు పెట్టగానే బుల్లి చెవులు మూసుకుని కేకలు పెట్టింది. తనకి తెలిసిన దాంట్లో ఈ తెలియని ముక్క ఎక్కడిదని. మర్నాడు ఏడవలేదు. ఫోను తీసుకుని, తెర కిందున్న గీతని వేలితో జరిపి, సరిగ్గా బంతి అందే చోటికి చేర్చింది. ఇక రోజూ అంతే. స్టూడియోలో కొత్తగా చేరినవాళ్ళకి కూడా అంత గురి ఉండదు.

"అచ్చు నాన్న పోలికే," అంది భార్య. ఎత్తిపొడుపో కాదో అతను అడగలేదు.

బంతిని దాచి, ఒక క్షణం ఆగి ఇచ్చి చూశాడు. ఆ క్షణంలోనే పిల్ల గుమ్మం వైపు తిరిగేది. "టైం పడుతుంది సార్, తొందరపడితే ఉన్నది కూడా పోతుంది," అంది థెరపీ టీచరు. ఆ టైమే అతని దగ్గర లేదు. ఏం చేయాలో తోచక, పొద్దస్తమానం బంతి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

నెల తిరిగింది. పెద్ద మేడమ్ మంచి మనిషి. అడగ్గానే ఇచ్చెయ్యి తల్లీ అని పిలకల పాపకి ముందే చెప్పి ఉంచింది. బుల్లి వెళ్ళి అడిగింది. పాప ఆ మాట మరిచిపోలేదు. ఇప్పుడేనా ఇవ్వాల్సింది అని క్లాసు టీచరు వంక ఒక్కసారి చూసింది. టీచరు తలూపింది. పాప రెండు చేతులతో బంతి చాపింది.

అప్పటికే బుల్లి వెనక్కి తిరిగింది.

గుమ్మం వైపు, అంటే తండ్రి వైపే నడిచొస్తోంది. ఆమె వీపు వెనక, చాపిన చేతుల్లో బంతి. అతనికి రెండూ కనబడుతున్నాయి. "వెనక్కి చూడమ్మా, ఇస్తోంది, అదిగో ఇస్తోంది," అన్నాడు. అద్దం మీద వేలు ఆనించి చూపించాడు. వేలు పెట్టి చూపిస్తే ఎవరైనా ఆ వైపు చూస్తారు. బుల్లి వేలినే చూస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. దగ్గరికొచ్చి, అద్దానికి అటువైపు నుంచి తన వేలిని తండ్రి వేలికి ఆనించింది. నవ్వింది కూడా.

పాప చేతులు కాసేపు అలాగే ఉండి, కిందికి దిగాయి. బంతి తీసుకుని కిటికీ దగ్గరున్న పిల్లల్లోకి వెళ్ళిపోయింది. బుల్లి వేలు తీసేసి, తిరిగి నడిచి, ఖాళీ చాప ముందు నిలబడింది. "నేను కూడా ఆడనా?" అని అడిగింది. తలుపు ఇవతలికి స్పష్టంగా వినిపించింది. కత్తెరకి ఏడుపు ఆగలేదు. భార్య అతని చెయ్యి పట్టుకుంది.

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇంక మీరు లోపలికి వెళ్ళి పిల్లని తెచ్చుకోవచ్చు," అంది.