బాబాయి మీసం

నా చిన్నప్పుడు కైకలూరు హాల్లో కొత్త సినిమా పడితే మా ఇంట్లో అందరికంటే ముందు బయలుదేరేది మా బాబాయి, ఆయన వెనకే నేను. మేమిద్దరం ఒకే హీరోకి అభిమానులం. ఆ హీరో పేరు ఇప్పుడెందుకులెండి. బాబాయికి అభిమాన సంఘంలో ఏదో పదవి కూడా ఉండేది. ఆ పదవిని చూసుకుని ఆయన మురిసిపోయేవాడు, ఆయన్ని చూసుకుని నేను మురిసిపోయేదాన్ని.

ఆ హీరో పోయాడని రేడియోలో చెప్పిన రోజు నేను అన్నం ముట్టలేదు. మా తాతయ్యే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముళ్ళు తీసిన చేప ముక్క కలిపి తినిపించాడు. సినిమా మనిషి కోసం ఈ ఏడుపేమిటని ఒక్క మాట అనలేదు. అంత ఇష్టమైన మనిషి పోతే ఏడుపు రాదా అన్నాడు. మర్నాడు పొద్దున్నే దోనె వేసుకుని కొల్లేట్లోకి వేటకు వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం బాబాయి కైకలూరు నుంచి తిరిగొచ్చాడు. తల నున్నగా ఉంది, మీసం లేదు. మా వైపు మగవాడు మొక్కు ఉంటే తలనీలాలు ఇస్తాడు గానీ, తండ్రి బతికుండగా మీసం తీయించుకోడు. వాకిట్లో చేపలు ఎండబెడుతున్న నాయనమ్మ చిన్నకొడుకుని ఆ వాలకంలో చూసి, తాతయ్యకి నీళ్ళ మీద ఏదో జరిగిపోయిందనుకుంది. ఒక్క కేక పెట్టి అక్కడే కూలబడింది. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. హీరో కోసం తీయించుకున్నానని బాబాయి ఎంత మొత్తుకున్నా ఆవిడ చెవికెక్కలేదు. నాకూ ఎక్కలేదు. ఆవిణ్ణి పట్టుకుని నేనూ తాతయ్య కోసం గుండెలవిసేలా ఏడ్చాను.

ఆ ఏడుపుల మధ్యకి తాతయ్య చేపల బుట్టతో నడిచొచ్చాడు. అందరినీ చూశాడు. తర్వాత బాబాయి ముఖం చూశాడు. తిడతాడనుకున్నాం, కొడతాడనుకున్నాం. బుట్ట దించి, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళిపోయాడు. ఆ పూట మొదలు బాబాయితో మాట్లాడలేదు.

పదకొండో రోజున సంఘం వాళ్ళు సినిమా హాలు ముందు పందిరి వేసి, హీరో ఫోటోకి దండ వేసి, పెద్దకర్మ భోజనాలు పెట్టారు. తాతయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని నన్ను కూడా తీసుకెళ్ళాడు. కోపం పోయిందనుకుని నేను గంతులేస్తూ వెళ్ళాను. ఇద్దరం వరసలో కూర్చున్నాం. వడ్డిస్తూ వచ్చిన బాబాయి మా విస్తళ్ళ దగ్గర ఆగిపోయాడు.

"మీరెందుకొచ్చారు నాన్నా?" అన్నాడు మెల్లిగా.

"నా పెద్దకర్మే కదరా. ఎలా చేస్తున్నావో చూసి పోదామని వచ్చాను. పప్పు వెయ్యి."

చుట్టుపక్కల వాళ్ళకి నవ్వాలో మానాలో తెలియలేదు. తాతయ్య మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నాడు. తిరిగి వచ్చే దారిలో కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"వాడు ఏడ్చినందుకు కాదమ్మా నాకు బాధ. నా కోసం ఉంచాల్సింది పట్టుకెళ్ళి, వాడి ముఖమైనా ఎరగనాయనకి ఇచ్చొచ్చాడు" అన్నాడు.

తాతయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. బాబాయి మీద నాకున్న మురిపెం ఆ దారిలోనే పోయింది. బతికున్న తాతయ్య కోసం నన్ను ఏడిపించినందుకు ఆయన్ని నేను చాలా ఏళ్ళు క్షమించలేదు.

ఇప్పుడు ఏలూరులో మా అబ్బాయి దగ్గరే ఉంటున్నాను. ఈ మధ్య పేరున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. వార్త విన్నప్పుడల్లా నాకూ కళ్ళు తడుస్తాయి, అందుకు సిగ్గుపడను. మొన్న ఒక పెద్ద నటుడు పోతే, మా అబ్బాయి ఫోన్‌లో స్టేటస్ పెట్టాడని మనవరాలు చూపించింది. ఆయన ఫోటో, దాని కింద 'ఈ రోజు నేను అనాథనయ్యాను' అని. అప్పుడు నేను పక్క గదిలో కూర్చుని, వాడికిష్టమని రొయ్యలు ఒలుస్తున్నాను.

ఒళ్ళు మండింది. నాలుగు దులిపేద్దామని లేచాను కూడా. మళ్ళీ కూర్చున్నాను. అలాంటప్పుడు అరవకూడదు, వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. తాతయ్య దగ్గర నేను నేర్చుకున్నది అదే. చెయ్యి కడుక్కుని నా ఫోన్ తీసి, వాడి స్టేటస్ తెరిచాను. ఎవరెవరు చూశారో పెట్టినవాడికి తెలుస్తుందని మనవరాలు చెప్పింది. ఆ పేర్లలో ఇప్పుడు 'అమ్మ' అని కూడా ఉంటుంది.