తాడు దగ్గర మామయ్య చోటు

దెయ్యాలనీ, గాలి సోకిందనీ ఎవరైనా చెబితే నవ్వి కొట్టిపారేసే మనిషిని నేను. ఇప్పుడూ అంతే. అయినా ఈ ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడటం లేదు.

మాది పోర్ట్ బ్లెయిర్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపల వేట కుటుంబం. వల లాగేటప్పుడు మనిషి కండలు ఎంత కష్టపడతాయో కొలవడం నా ఉద్యోగం. పొద్దున్నే జాలర్ల ముంజేతులకి బిళ్ళల్లాంటి సెన్సర్లు అంటిస్తాను. కండ బిగిస్తే గీత లేస్తుంది. బోటు ఒడ్డుకొచ్చాక ఆ గీతలన్నీ ట్యాబ్‌లోకి దించుకుంటాను.

ఆ బోటులోనే మా మేనమామ అప్పన్న పని చేసేవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మావాళ్ళలో ఒక పద్ధతుంది. తాడు పట్టే వరసలో ఎవరి చోటు వాళ్ళది. ఆ మనిషే వచ్చి వదులుకుంటున్నానని చెప్పేదాకా అక్కడ ఇంకొకరు నిలబడరు. బోటు తిరిగొచ్చాక ఆ మాట చెప్పేద్దామనే మామయ్య ఒకరోజు జెట్టీకి వచ్చి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నా దగ్గర ఒక సెన్సర్ మిగిలింది.

"నాకూ ఓటి అంటించవే అమ్మీ. సచ్చిన సెయ్యి ఏటంటదో సూద్దాం," అన్నాడు.

సరదాకి అంటించాను. గీత చదునుగా ఉంది. కబుర్లలో పడ్డాం.

ఎండెక్కాక గీత లేచింది. బిగింపు, విడుపు, మళ్ళీ బిగింపు. చెయ్యి మాత్రం ఒళ్ళో కదలకుండా పడి ఉంది. సెన్సర్ మార్చాను, ట్యాబ్ మార్చాను. అదే వరస. మామయ్యకి చెమటలు పట్టేశాయి. "బరువుగుందే" అన్నాడు, అంతే.

బోటు వచ్చాక గీతలు పక్కపక్కన పెట్టి చూశాను. వాళ్ళు వల లాగినప్పుడే ఇక్కడ మామయ్య కండా లాగింది. వల రాయికి పట్టేసి వాళ్ళు బిగబట్టి లాగినప్పుడు ఇక్కడా అంతే. బోటేమో కనుచూపు దాటి ఉంది. ఈ సెన్సర్లు నాలుగడుగుల దూరం దాటితే ట్యాబ్‌కే అందవు.

ఇంకొకటి. ఆరోజు చేప మామూలు కంటే ఎక్కువ పడింది. అయినా మామయ్య చోటుకి అటూ ఇటూ నిలబడే ఇద్దరి శ్రమా బాగా తగ్గింది. నేనేమీ చెప్పకముందే వాళ్ళలో ఒకతను, "దీదీ, ఈయాల తాడు తేలిగ్గా వచ్చీసింది. ఎవులో సెయ్యేసినట్టు," అన్నాడు.

గీత చూసిన డాక్టరు, కండకి నరం ఇంకా అందుతోందని చెప్పి వ్యాయామం మొదలుపెట్టించారు. అంతవరకు నాకూ అర్థమైంది. సముద్రంలో లాగుడు ఒడ్డున ఉన్న చేతికి ఎలా తెలిసిందో ఆయనకీ తెలియదు, ఈ సెన్సర్లు తయారుచేసిన మా ఇంజినీరుకీ తెలియదు, నాకూ తెలియదు.

మొన్న మామయ్య కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకున్నాడు. సగం చొక్కా మీదే పోసుకున్నాడు. ఇంట్లో అందరం నవ్వుతూనే ఏడ్చాం. చోటు వదులుకుంటున్నానన్న మాట మాత్రం ఆయన ఇంతవరకు చెప్పలేదు.