శనివారం అపాయింట్‌మెంట్ల మధ్య ఖాళీ

దేశంకాని దేశంలో, క్వేకర్స్ హిల్‌లో శ్యామసుందరి ఇంటి పక్కగదికి బోర్డు లేదు. అయినా చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లందరికీ తెలుసు. తెనాలిలో నేర్చుకున్న, దారంతో వెంట్రుకలు తీసే థ్రెడింగ్ పని పదకొండేళ్లుగా ఆమె అక్కడే చేస్తోంది. కనుబొమలకైతే ఎవరైనా ఎప్పుడైనా వస్తారు. కూతురి గడ్డానికైతే తల్లులు ఫోన్లోనే గొంతు తగ్గిస్తారు. ముందూ వెనకా ఎవరూ లేని టైమ్ కావాలంటారు. అందుకే శనివారాలు ఒక పిల్లకీ ఇంకో పిల్లకీ మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ పెడుతుంది.

ఆ ఖాళీల్లో కూర్చునే ఆమెకి ఆరా మొదలైంది. ఇంతమందికి ఒకేలా ఎందుకు? మెల్లగా పిల్లల్నే అడగసాగింది. నెలసరి ఎప్పుడొచ్చింది, మొటిమలు ఎన్నాళ్లుగా? గడ్డానికి వచ్చే పంతొమ్మిది మందిలో పన్నెండు మందికి నెలసరి మూడు నెలలకోసారి కూడా రావడం లేదు. అది తన గదికి వచ్చేవాళ్ల లెక్కే తప్ప ఊరి లెక్క కాదని ఆమెకి తెలుసు. వాళ్లలో ఎందరిది పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడానో డాక్టరే తేల్చాలనీ తెలుసు. కానీ డాక్టరు దాకా వెళ్లింది ఇద్దరే. మిగతా ఇళ్లలో బద్ధకమనో పిజ్జాలనో ఒక పేరు పెట్టేశారు. పేరు పెట్టడానికున్న తొందర మనకి పరీక్ష చేయించడానికి ఉండదు.

పదిహేనేళ్ల లీల స్కూల్లో ఈత మానేసింది. డాక్టరు దగ్గరికి ఛస్తే రానంటోంది. మొన్న శనివారం తల్లి హరిప్రియ బతిమాలి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"మా ఇంట్లో ఎవరికీ లేదండీ ఇది. ఎక్కణ్ణుంచి వచ్చిందో," అంది.

దారం బిగిస్తూ శ్యామసుందరి ఆవిడ వైపు చూసింది. ఏళ్ల తరబడి దారం నడిచిన చర్మాన్ని ఆమె ఇట్టే పోల్చగలదు. హరిప్రియ గడ్డం అలాంటిదే. ఇక్కడికి కనుబొమలకే వస్తుంది. గడ్డానికి ఇంకెక్కడికో వెళ్తోందన్నమాట. లీల గడ్డం సగం పూర్తిచేసింది.

"ఐ యామ్ ది ఓన్లీ వన్, ఆంటీ," అంది లీల. "డాక్టర్ విల్ లాఫ్."

"నువ్వొక్కదానివే కాదమ్మా. పేర్లు నేను చెప్పకూడదు," అంటూ శ్యామసుందరి దారం వదిలేసి హరిప్రియ వైపు చూసింది.

హరిప్రియ బ్యాగు జిప్పు తెరిచింది, మూసింది.

"నేను గడ్డానికి గిరావీన్‌లో ఒకావిడ దగ్గరికి వెళ్తాను," అంది చివరికి. "నెలకోసారి. నీకు కూరగాయలకని చెప్తాను."

"సిన్స్ వెన్, అమ్మా?"

"ఇక్కడికొచ్చినప్పట్నుంచీ గిరావీనే. గడ్డం మటుకు నీ వయసునించే ఇంతే. ఎవరికీ చెప్పొద్దంది అమ్మమ్మ. చెప్పలేదు."

లీల తల్లి గడ్డాన్ని ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు చూసింది. దారం లాగినప్పుడు నీక్కూడా కళ్లలో నీళ్లొస్తాయా అని ఇంగ్లీషులో అడిగింది. తల్లి తలూపింది. డాక్టరు దగ్గరికి వస్తాను గానీ ముందు నువ్వు చూపించుకోవాలంది లీల.

బయట తర్వాతి పిల్ల కారు ఆగింది. ఎవరి కంటా పడకముందే వెళ్లిపోయే అలవాటుతో హరిప్రియ బ్యాగు అందుకుని లేచింది.

లీల కదల్లేదు. "ఇంకా అవ్వలేదు. సిట్ డౌన్, అమ్మా."