మా మేనత్త చెప్పిన గాలి దారి

ఎండుచేపల సోలార్ పెట్టెకు గాలి దారి చెప్పింది మా మేనత్త; పేరు మాత్రం ఒక శాస్త్రవేత్తకు వచ్చింది. పోయిన నెల ఆదివారం పేపర్లో ఆయన జీవితం గురించి అరపేజీ వేశారు. ఆయన్ని సౌరశక్తి వైపు తిప్పిన తొలి ఆలోచన ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చున్నప్పుడు తట్టిందట. ఐదో తరగతితో బడి మానేసి, తక్కినదంతా లైబ్రరీలో చదువుకున్నవాణ్ణి నేను. అయినా అది అబద్ధమని చెప్పడానికి చదువక్కర్లేదు. నేను అక్కడే ఉన్నాను.

తొంభైల్లో ఉప్పాడలో నాకు రేడియోలు బాగుచేసే కొట్టుండేది. మా మేనత్త నెత్తళ్ళు ఎండబెట్టి కాకినాడ తీసుకెళ్ళి అమ్ముకునేది. సముద్రం ఏటేటా ఒడ్డును కోసుకుపోతుంటే చేపలు ఆరబోసే ఇసుక కరిగిపోయి, మిగిలిన కాస్త చోటు కోసం ఆడవాళ్ళు పోటీలు పడేవారు. అప్పుడే బాయిలర్ల చదువు చదివిన ఒక కుర్ర లెక్చరరు, తక్కువ చోటులో చేపలు ఎండే పెట్టె చేస్తానంటూ కాకినాడ నుంచి స్కూటరు మీద వచ్చారు. చెక్కపెట్టె, పైన అద్దం, లోపల నల్లరంగు. నా కొట్టు ముందే బిగించాం. వేడి బయటికి పోకూడదని సందులన్నీ లప్పంతో మూసేశారు, బాయిలరు చదువు మరి.

మధ్యాహ్నానికి పైకి గట్టిపడిన చేపల్ని చూసి ఆయన మురిసిపోతుంటే, మా మేనత్త ఒకటి తీసి విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఇది ఎండలేదు బాబూ, ఉడికింది. లోపలంతా చెమ్మే. కూరకైతే బానే ఉంది,” అంది. ఇంకా వేడి పెంచుతానండి అన్నారాయన. “ఎండుంటే సరా, గాలాడొద్దా? నిన్నీ పెట్టెలో పెట్టి మూస్తే ఆరతావా, చెమట్లు కక్కుతావా? కింద బెజ్జాలు కొట్టు, పైన దారియ్యి,” అనేసరికి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఆయన ముఖం మాడ్చుకుని స్కూటరెక్కి వెళ్ళిపోయారు. మూడో రోజు తిరిగొచ్చి, ఆవిడ చెప్పినచోటే బెజ్జాలు కొట్టించి పైన రేకు గొట్టం పెట్టించారు. నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు మా మేనత్తది; ఆ చుట్ట తీసి కింది బెజ్జం దగ్గర పట్టుకుంది. పొగ లోపలికి పోయి, చేపల మధ్య తిరిగి, పైన గొట్టంలోంచి వచ్చింది. “ఇప్పుడు దీనికి ఊపిరొచ్చింది,” అంది. ఆయన ఆ పొగనే చూస్తూ నిలబడిపోవడం నాకు నిన్నటిలా గుర్తు.

మూడేళ్ళు ఆ పెట్టె వెంటే తిరిగి, బాయిలర్లు వదిలేసి, దాని మీదే డాక్టరేటు తెచ్చుకున్నారు. ఆ తర్వాత పెద్ద సంస్థలు, పెద్ద పదవులు. మా మేనత్త పోయింది, ఆవిడ ఇల్లున్న చోట ఇప్పుడు సముద్రముంది. ఈ మధ్య వచ్చే పెట్టెలకు ఫ్యాన్లున్నాయి, తేమ చెప్పే మీటర్లున్నాయి. చేపను విరిచి వాసన చూసే చెయ్యి మాత్రం కనబడదు. మంచి పెట్టెలే, కాదనను. నాకు పేరు అక్కర్లేదు, నేను స్క్రూలు బిగించినవాణ్ణి. ఆవిడ మాట ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని పేపరుకు రాశాను, జవాబు లేదు. ఆయనకే రెండు ఉత్తరాలు రాశాను. రెండోదానికి జవాబు మొన్న వచ్చింది, స్వయంగా చేత్తో రాసింది:

“మీరు రాసిందంతా నిజమండి. నా పరిశోధనలో ఆ సంగతిని ‘స్థానికుల సలహా’ అని రెండు మాటల్లో తేల్చేశాను. ఇప్పుడు వేస్తున్న పుస్తకంలోనైనా సరిగ్గా రాద్దామని కూర్చుంటే కలం సాగలేదు. మూడేళ్ళు ఆవిడ చేతి పులుసు తిన్నాను, పేరు ఒక్కనాడూ అడగలేదు. దయచేసి రాసి పంపండి.”