బందరు వదిన, మా ఆవకాయ

ఈ రోజు తిరువూరులో మా ఇంట్లో ఆవకాయ పెట్టాం. మొదటి ఏడాది కోడలిచేత కలిపించడం మాకు అలవాటు లేదు. అందుకని బందరు నుంచి వచ్చిన కొత్త వదినను పక్కన కూర్చోబెట్టుకుని, నానమ్మ ఆమె పుట్టింటి కబుర్లు అడిగింది.

“బందరులో మాది ఇంగ్లీషుపాలెం నానమ్మగారూ. అమ్మమ్మవాళ్ళది డచ్చివాళ్ళున్న వలందపాలెం. మేనత్తది ఫ్రెంచివాళ్ళ పరాసుపేట.”

కారం కలుపుతున్న నానమ్మ చెయ్యి ఆగిపోయింది. “పెళ్ళిచూపులప్పుడు మనవాళ్ళే అన్నారుగా!”

“మనవాళ్ళమేనండి! ఆ తెల్లవాళ్ళంతా ఓడల్లో వ్యాపారానికొచ్చి, ఎప్పుడో వెళ్ళిపోయారు.”

నానమ్మ ఊపిరి పీల్చుకుంది. “అంతమందొస్తే ఒక్కడికీ ఆవకాయ అలవాటు చెయ్యలేదా? అందుకే నిలవలేదు. నువ్వన్నా నేర్చుకో!” అంటూ బేసిన్ వదిన ముందుకు తోసింది.

చరిత్ర పాఠాల్లో ఈ కారణం నేనెక్కడా చదవలేదు. మీరెవరైనా చదివారా?