రజియా మేడం వేసిన కుర్చీ

నిన్న మా మనవరాలు ఫోనులో ఒక పాత చప్పుడు వినిపించింది. కీచుమని మొదలై, గరగరలాడి, బుసకొట్టి ఆగే మోడెం మోత. ఆమెకు నవ్వొచ్చింది. నాకు సూర్యాపేట బస్టాండు వెనుక రజియా మేడం నడిపిన ఇంటర్నెట్ సెంటరు కళ్ళముందు నిలిచింది.

తొంభైల చివరి సంవత్సరాలవి. టెలిగ్రాఫ్ ఆఫీసులో టెలిప్రింటర్ ఆపరేటరుగా ఉన్నాను. టెలిగ్రాములు తగ్గిపోయి యంత్రం ముందు ఊరికే కూర్చునే రోజులు. కుటుంబం మిర్యాలగూడలో, నేను సూర్యాపేటలో ఒక కిరాయి గదిలో. అంతవరకు టైపు నేర్పిన రజియా మేడం అప్పుడే కంప్యూటర్లు తెచ్చి, ఊళ్ళు విడిచి వెళ్ళిన మన జిల్లావాళ్ళను ఈమెయిళ్ళతో ఒక బృందంగా కలిపారు. నన్నూ చేర్చారు. పలకరించే మనుషులు దొరుకుతారని ఎంతో ఆశపడ్డాను.

మొదటి ఉత్తరం శ్రద్ధగా కొట్టి పంపాను. టెలిప్రింటర్‌లో చిన్న అక్షరాలుండవు; ఆ అలవాటు కొద్దీ తెలుగు మాటలన్నీ పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. అక్కడ అది అరవడంతో సమానమని నాకెవరూ చెప్పలేదు. పుణెలో ఉద్యోగం చేసే కోదాడ కుర్రవాడు వెంటనే అందుకున్నాడు: "ఏంటి మాస్టారూ ఆ కేకలు? కాస్త మెల్లగా మాట్లాడండి, చెవులు పగిలిపోతున్నాయ్!" మరికొందరు నవ్వారు. నేనెవరినో ఒక్కరూ అడగలేదు. ఇంత సర్వీసు చేసినవాడికి ఇదా మర్యాద?

"నా పేరు తీసెయ్యండి మేడం," అన్నాను.

"జర ఆగుండ్రి సార్. గింతదానికే పరేషాన్ అయితరా? తప్పు మీది కాదు, ఆ పిల్లలది కాదు, నాది. కొత్త మనిషిని లోపలికి పిలిచి కుర్చీ ఎయ్యకపోతిని," అంటూ ఆమె బృందానికి రాశారు: "సార్ ప్రతి ఆదివారం మిర్యాలగూడ పోతరు. గాడ మీకేం సూసి రావాల్నో అడుగుండ్రి."

మొదటి జవాబు ఆ కుర్రవాడిదే. చిన్నప్పుడు మిర్యాలగూడలో అమ్మమ్మ దగ్గర పెరిగాడట; ఆ వీధి గుర్తులూ రాశాడు. "ఇంటెదుట రైసుమిల్లు పొద్దున్నే కూత వేసేది మాస్టారూ. ఇప్పటికీ వేస్తోందాండీ?"

ఆదివారం వేకువనే వెళ్ళి ఆ వీధిలో నిలబడ్డాను. కూత వినిపించింది. సోమవారం రాసి పంపాను, ఈసారి చిన్న అక్షరాల్లో. "గట్టిగా రాయండి మాస్టారూ, పుణె దాకా వినబడాలి!" అన్నాడు. ఆ తరువాత నేను ఆ బృందాన్ని వదలలేదు.

మేడం ఇప్పుడు లేరు. ఈనాటి గ్రూపుల్లో కొత్తవారు చేరగానే పూలగుత్తి బొమ్మ ఒకటి పడేసి, స్వాగతం పలికామనుకుంటారు. చూస్తే ఒళ్ళు మండుతుంది. నేను నడిపే రిటైరైన ఉద్యోగుల గ్రూపులో పూలగుత్తులు నిషేధం. చేరినవారి ఊరూ, చేసిన పనీ రాసిపెట్టుకుని, వారు మాత్రమే చెప్పగలిగినది ఒకటి అడుగుతాను. ఈమధ్య చేరిన నిడమనూరు ఆయన ఎంతకూ పలకలేదు. మీ కాలువకు నీళ్ళొచ్చాయా అని అడిగాను. నిమిషంలో జవాబు వచ్చింది.

"పొద్దుగాలనే వచ్చినయ్ సార్. ఎవరన్న అడుగుతరేమోనని సూస్తున్న."